ఒంటి దుద్దు

బంగారు లవణం సీసా అడుగంటింది.
కొత్తది రావాలంటే ఆరు వారాలని పట్నం నుంచి కబురు.
కటింగాన్ నది ఆరు వారాలు ఆగుతుందా?
వాకిట్లో తడక మీద ఎండుతున్న చేపలు ఆగుతాయా?

అమ్మ ఏమీ అనలేదు.
కుడిచెవి దుద్దు తీసి
వక్కల పెట్టె మూతలో వేసి నా వైపు జరిపింది.
"ఇదీ బంగారమే కదా, యునికే."

ఇదీ బంగారమే.
ఇరవై ఏళ్ళ కిందట సాలుందిక్ మామ
పంటు మీద నిలబడి, నది కడుపులోకి గొట్టం దించి,
పీల్చిన ఇసుకని పట్టా మీద పారించి,
బకెట్లో చేత్తో, ఉత్త చేత్తో,
పాదరసం పోసి పిండిలా పిసికి
అంగడి వెనక కాల్చుకొచ్చిన ముద్దలోది.
రసం పొగైపోయింది, పసుపు మిగిలిందనుకున్నాం.
పోవడమంటే ఎక్కడికి పోవడమో
అప్పుడు ఎవరూ అడగలేదు.

బడి వెనక గదే నా ప్రయోగశాల.
కిటికీకి దోమతెర, గోడకి బల్లి.
దుద్దుని ద్రవరాజంలో వదిలాను.
ముందు పువ్వు కరిగింది,
చాలాసేపటికి కొక్కెం.
మిగిలిన పసుపు నీళ్ళని మరిగించి
నిమ్మ ఉప్పు పోశాను.

ఉన్న రంగు కాస్తా పోయింది.
అమ్మకి ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను.
బూడిద రంగొకటి వచ్చింది. తర్వాత సిరా మసక.
ఆ తర్వాత, ఎవరో లోపల దీపం పెట్టినట్టు,
కెంపు.

వెంట్రుక అడ్డకొలతలో ఆరేడు వేలు పట్టే రేణువులు.
ఒకదాన్నొకటి తాకకుండా తేలుతున్నంతసేపూ ఎరుపు.
పాదరసం వచ్చి వాటిని కలిపిందా, గుంపు కడతాయి.
గుంపు రంగు నీలం.
శాస్త్రం ఇంతే, మిగతాదంతా ఓపిక.
ఎన్నాళ్ళూ రాతి మీద గీయించుకుని
తన నిజం తాను రుజువు చేసుకున్న లోహం
ఇప్పుడు మా నీళ్ళకి గీటురాయి.

ఎగువ రాళ్ళ దగ్గరి నీళ్ళు: ఎరుపు.
పడవల రేవు: ఎరుపే. నమ్మలేక మళ్ళీ చూశాను.
అంగడి వెనక మురుగుకాలవ
రెండు నిమిషాలు కూడా ఆగలేదు.
చేప కండని ఆమ్లంలో ఉడికించాలి. అది రేపటి పని.

మామ గుమ్మంలోనే నిలబడ్డాడు.
"వీటిలో మీ అమ్మ దుద్దు ఏది?"
"అన్నిట్లోనూ ఉంది."
"ఒక్కోదాంట్లో ఎంత?"
"చీమ తలంత కూడా లేదు."
చాలాసేపు చూశాడు.
"నేను దీంతో దాన్ని పట్టాను.
నువ్వు దాంతో దీన్ని పడుతున్నావు."
నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.
ఒక గొట్టం తీసి వెలుతురుకి ఎత్తాడు.
నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి.
ఎరుపు మాత్రం నిలకడగా లేదు.
గాజు అతని గోళ్ళకి టకటక కొట్టుకుంటోంది.
రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు.
అదీ వణికింది.
నేను బల్లి వైపు చూశాను.

తెల్లారేసరికి గుమ్మం ముందు ఒక సీసా.
మూతకి గుడ్డపీలిక, దాని మీద బొగ్గుతో:
వానతొట్టి. మనవడు తాగేది.
మామ ఇంటి చూరు
అంగడి పొగగొట్టానికి అడుగు దూరం.

చుక్కలు వేసి కూర్చున్నాను.
అమ్మ వచ్చి నా వెనక నిలబడింది,
ఒక చెవి బోసిగా, ఒక చెవి మెరుస్తూ.
ఎరుపు కాదు. నీలం అనలేను.
నేరేడుపండు కొరికిన నాలుక రంగు.
"దానర్థం?"
"ఇంకోసారి చూడాలి. పెద్ద మోతాదులో."
"దానికి సరిపడా ఉందా?"

సీసా అడుగు చూశాను.
వద్దన్నాను.
అప్పటికే ఎడమచెవి కొక్కెం తీస్తోంది.